చెరిపిన ముఖాలు

మ్యూజియానికి వారంలో ఒక్కరోజు సెలవు. ఆ సెలవు రోజున, మధ్యాహ్నం మూడింటికి, అక్క ఒక్కతే లోపలికి వెళ్ళింది. పాత బొమ్మల్ని శుభ్రం చేసే ఉద్యోగంలో ఆమె చేరి ఇరవై రెండేళ్ళయింది. దూదిని మందులో ముంచి, గోరంత గోరంత తుడుస్తూ, ఎప్పుడో పోయిన చిత్రకారుల రంగుల్ని మళ్ళీ వెలుగులోకి తెస్తుంది.

ఆవేళ తనిఖీ చెయ్యాల్సింది మాత్రం పాత బొమ్మ కాదు. చెల్లెలిది.

ఆ మ్యూజియంలో కిటికీల్లేని గదులు ఏడు, వరసగా ఉంటాయి. మొదటి దాంట్లో రాతి శిల్పాలు, ఏడో దాంట్లో ఈ కాలపు చిత్రాలు. ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే దేశంలో కళ ఎలా పెరిగిందో కళ్ళకి కడుతుంది. ఆ ఆఖరి గోడ మీద చెల్లెలి బొమ్మని శాశ్వతంగా ఉంచబోతున్నారు. మర్నాడే ఆవిష్కరణ. "అప్పటిదాకా చూడొద్దక్కా" అని చెల్లెలు దానికి గుడ్డ కప్పించింది.

చెల్లెలికి కుంచె పట్టడం నేర్పింది అక్కే. తన రంగులు దానికిచ్చేసి, తను పెన్సిల్‌తో సరిపెట్టుకుంది. ఇప్పుడేమో అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "మా చిన్నది బొమ్మలు గీస్తుంది, పెద్దది తుడుస్తుంది" అని చెబుతోంది. అమ్మ సరదాకే అంది. అక్క కూడా పకపకా నవ్వింది. ఆ నవ్వు గొంతు దిగేసరికి నిప్పయింది. రెండు వారాలుగా అన్నం సయించడం లేదు.

కొత్త బొమ్మ తనిఖీకి రంగు కరిగించే మందుసీసాతో, దూదితో పనే లేదు. అయినా అవి రెండూ ఆమె సంచిలో ఉన్నాయి.

'మూలన సంతకం ఒక్కటే తుడుస్తా. దానికేం ప్రాణం పోదు' అనుకుంది.

సెలవు రోజు కదా, సగం దీపాలే వెలుగుతున్నాయి. మొదటి గదిలో ముక్కు పోయిన స్త్రీ శిల్పం. దాని గురించి రిపోర్టుల్లో ఎన్నోసార్లు రాసింది, 'కాలక్రమంలో దెబ్బతిన్నది' అని. ఈరోజు ఎందుకో ఆగి చూసింది. ముక్కు ఉండాల్సిన చోట ఉలి గాట్లు. రెండో గదిలో గోడచిత్రం ముక్క. అందులో ఒకామె ముఖం మీద గోళ్ళతో గీరిన చారలు. నాలుగో గదిలో రాజుగారి పటం కింద చిత్రకారుడి పేరు ఒక్కటీ రుద్ది చెరిపేసి ఉంది.

కాలానికి అంత కచ్చ ఎందుకుంటుంది? పక్కనున్న ఏనుగునీ చెట్టునీ వదిలేసి, సరిగ్గా ముఖాన్నే, పేరునే ఎందుకు ఎంచుకుంటుంది?

అప్పుడు వినిపించింది, వెనక నుంచి. రాతి మీద ఉలి... టిక్, టిక్. దాంతోపాటే గోళ్ళు గీరుతున్న చప్పుడు. తడి గుడ్డతో రుద్దుతున్న చప్పుడు. పాత నూనె వాసన, చెమట వాసన కలిసి మెడ మీదుగా పాకాయి.

ఫోన్ మోగింది. కెమెరాల గదిలోంచి వాచ్‌మన్.

"మేడమ్, మీతో ఎవరైనా వచ్చారా?"

"లేదే. ఏం?"

"మీరు రెండో గదిలో ఉన్నప్పుడు మీ వెనక ఇద్దరు కనిపించారు. ఇప్పుడు..." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఆరుగురు. వరసగా నిలబడ్డారు. వెనక్కి తిరక్కండి మేడమ్. నేనొస్తున్నా."

వెనక్కి వెళ్ళే దారి లేదు. ముందుకే పరిగెత్తింది. ఐదు... ఆరు... ఏడు. ఎదురుగా గోడ. గోడ మీద గుడ్డ కప్పిన బొమ్మ.

చప్పుళ్ళు ఆగిపోయాయి.

చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు. "మేమూ ఇలాగే మొదలుపెట్టాం..."

ఇంకో గొంతు. "తుడిచెయ్... చల్లబడుతుంది."

ఆమె చెయ్యి తనంతట తానే దూది తడిపింది. రెండో చెయ్యి గుడ్డ లాగేసింది.

బొమ్మలో ఇద్దరు పిల్లలు. చిన్నదాని పిడికిట్లో కుంచె. ఆ పిడికిలిని తన చేత్తో పట్టుకుని గీత గీయిస్తున్న పెద్దది. ఆ పెద్దపిల్లది అచ్చం తన ముఖమే. మూలన ఒక్క సంతకం కాదు, రెండున్నాయి. మొదటిది తన పేరు.

సీసా జారి నేల మీద భళ్ళున పగిలింది. అక్క తడి దూదిని దూరంగా విసిరేసింది.

"నేను చెయ్యను... అది నా చెల్లెలు."

వెనక నుంచి ఇంకో గొంతు, ఎంతో ఓర్పుగా...

"నువ్వొద్దులే. మేం చేస్తాం."

ఆమె బొమ్మకి అడ్డంగా నిలబడింది. కానీ ఎవరూ బొమ్మ దగ్గరికి రాలేదు. ఉత్తకాళ్ళ అడుగులు ఒక్కొక్క గదే దాటుకుంటూ, బయటి తలుపు వైపు వెళ్ళిపోయాయి.

వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు. "నాకెవరూ ఎదురు రాలేదు మేడమ్. ముందు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది."

చెల్లెలి ఇల్లు అక్కడికి గంట ప్రయాణం. అక్క వెంటనే ఫోన్ చేసింది. చెల్లెలు మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా! నీకే చేద్దామనుకుంటున్నా. నువ్వు పంపావని ఎవరో ఆరుగురు వచ్చారు. లోపల కూర్చోబెట్టాను."

"నేనెవర్నీ పంపలేదే... బయటికి వచ్చెయ్. ఇప్పుడే!"

"ఏంటక్కా, సరిగ్గా వినపడట్లేదు..." చెల్లెలు నవ్వుతూ గొంతు తగ్గించింది. "భలే వింత మనుషులక్కా. గోడల నిండా బొమ్మలున్నాయా, ఒక్కరూ అటు తిరగరు. అందరూ నా ముఖమే చూస్తున్నారు."