అత్తగారికి చదివి వినిపించిన నవల

"ఛీ ఛీ... కళ్ళకి ఆపరేషనైన మనిషికి నువ్వు రోజూ చదివి వినిపిస్తున్న కథ ఇదా వదినా?"

ఆడపడుచు ఆ నవలను చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి, కుట్టుమిషను మీద పడేసింది. ఆమె హైస్కూల్లో టీచరు. తల్లిని చూసిపోదామని వచ్చి, మంచం పక్కన ఆ పుస్తకాన్ని చూసి అగ్గి మీద గుగ్గిలం అయిపోయింది.

"పిల్లల తల్లిదండ్రులు గుంపుగా వచ్చి మా స్కూలు లైబ్రరీలోంచి దీన్ని తీయించేశారు. ఒకాయనైతే దీన్ని ముట్టుకున్నందుకు నా ఎదురుగానే సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు. మగపిల్లాడు ఇంకో మగపిల్లాణ్ణి ప్రేమించడమేమిటి, వాళ్ళ కోసం మనం ఏడవడమేమిటి? చదువుతున్నంతసేపూ ముక్కు మూసుకోవాలనిపించింది నాకు."

"మొత్తం చదివావా?" అని అడిగారు అత్తగారు, నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ.

"చివరిదాకా చదివితేనే కదమ్మా ఎంత రోతగా ఉందో తెలిసేది."

కోడలి గుండె జారిపోయింది. ఆడపడుచు మాటలకు కాదు. ఓరగా వేసి ఉన్న పక్కగది తలుపును చూసి. ఆ గదిలో తన కొడుకున్నాడు... ప్రతి మాటా వింటున్నాడు.

అసలు ఆ పుస్తకాన్ని ఇంట్లోకి తెచ్చింది వాడే. అత్తగారికి నవల లేనిదే ముద్ద దిగదు. కొన్నాళ్ళు అక్షరం చూడకూడదని డాక్టరు అనేసరికి, చదివి వినిపించే పని కోడలి మీద పడింది. "అమ్మా, నానమ్మకి ఇది చదువు" అని కొడుకు పుస్తకం చేతికిచ్చి, వెంటనే వెళ్ళిపోకుండా ఆమె ముఖంలోకి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. కుట్టు పని హడావుడిలో ఆమె ఆ చూపు పట్టించుకోలేదు.

నాలుగు పేజీలు తిరిగేసరికి అర్థమైంది. కథలో కుర్రాడు మనసిచ్చింది హాస్టల్లో తన గదిలోనే ఉండే ఇంకో కుర్రాడికి. ఆమె నోరంతా చేదైపోయింది. ఎదురుగా అత్తగారు "ఊఁ, ఆగావేం?" అంటున్నారు. కోడలు పొద్దున లేస్తే ఊరందరి ప్యాంట్లూ చొక్కాలూ విప్పి, పొడుగువి పొట్టి చేసి, వదులువి బిగించి కుట్టి ఇచ్చే మనిషి. కథను కూడా అలాగే సరిచేసేసింది. గదిలో ఉన్న ఆ స్నేహితుడికి జడ వేసి, ఆడపేరు పెట్టి, ఆడపిల్లను చేసేసింది. అత్తగారు కళ్ళద్దాల కింద నుంచి కన్నీళ్ళు తుడుచుకుంటూ విన్నారు.

మర్నాడు మధ్యాహ్నం చదువుతూ తల ఎత్తితే, గుమ్మంలో కొడుకు. ఎప్పటినుంచి వింటున్నాడో... ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు నుంచి వాడు ఆమెను "అమ్మా" అని పిలవలేదు.

వాడు ఆ పుస్తకం ఎందుకిచ్చాడో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసీ, రోజూ ఆ కుర్రాడికి జడ వేస్తూనే ఉంది. పుస్తకం మీద అసహ్యం, అందులోని పిల్లల మీద అసహ్యం. కన్నకొడుకును చూస్తే కూడా అదే అసహ్యం పుడుతోందే అని తన మీద తనకు అంతకు మించిన అసహ్యం...

"అమ్మా, వదిన నీకు చెప్పలేదేమో, అందులో ఉన్నది అమ్మాయి కాదు..." అంటోంది ఆడపడుచు.

"తెలుసులేవే" అన్నారు అత్తగారు. "ఆ పిల్ల మగపిల్లల హాస్టల్లో ఉంటుంది. వాడి పక్క మంచం మీదే పడుకుంటుంది. వార్డెను రోజూ వచ్చి హాజరు వేసుకుని పోతాడు, ఒక్కడూ ఇదేమిటని అడగడు. నాకు మసకేసింది కళ్ళకి, బుద్ధికి కాదు."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "తెలిసే విన్నారా అత్తయ్యా?"

"విన్నాను. నాకూ రోత పుట్టింది. ఇప్పటికీ పోలేదు."

ఓరగా ఉన్న తలుపు తెరుచుకుంది.

"నీక్కూడానా నానమ్మా?" అన్నాడు పిల్లాడు. "నేనంటే నీక్కూడా అసహ్యమేనా?"

ఆడపడుచు ముఖం పాలిపోయింది. తను ఇంతసేపూ ఎవరిని అన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. అత్తగారు మాత్రం కదలలేదు.

"నీతో అబద్ధం ఆడనురా. నువ్వు పుట్టిన కొత్తలో నీకు నీళ్ళు పోస్తుంటే నా ఒడంతా పాడుచేశావు. మనవడిది అసహ్యం వేయదంటారు అందరూ. ఎందుకు వేయదు? వేసింది. ముఖం పక్కకి తిప్పుకున్నాను. కానీ నీ మీంచి చేతులు తీయలేదు. తీస్తే జారిపోతావు కదరా."

"నేను మురికి కాదు నానమ్మా."

"కాదు నాన్నా. మురికి నాలో ఉంది. కడుక్కోవాల్సింది నేను. ముసలిదాన్ని, కాస్త ఆలస్యమవుతుంది." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "అమ్మాయ్, మొదటి పేజీ తీయి. ఈసారి రాసింది రాసినట్టు చదువు."

కోడలు మిషను మీద నుంచి పుస్తకం అందుకుంది. గొంతులో చేదు అలాగే ఉంది, అది ఒక పూటలో పోయేది కాదు. ఆడపడుచు చెప్పులు వేసుకుంది గానీ గుమ్మం దాటలేదు. రోజూ తను ఆడపేరు పెట్టే చోటు రాగానే కోడలి నాలుక తడబడింది. నీళ్ళు నిండిన కళ్ళతో ఒకసారి కొడుకును చూసింది. ఆ కుర్రాడి పేరు, కుర్రాడి పేరుగానే చదివింది.

పిల్లాడు వచ్చి, కత్తిరించిన గుడ్డముక్కల మధ్య కింద కూర్చుని, ఆమె మోకాలికి వీపు ఆనించాడు. "తర్వాతది చదువమ్మా" అన్నాడు.

ఆమె ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చెయ్యి వాడి తల మీద వేసింది. పేజీ తిప్పడానికి కూడా ఆ చెయ్యి తీయలేదు.