పన్నెండు నిమిషాల నిద్ర

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని అప్పటికి పన్నెండు నిమిషాలైంది. బల్ల మీద సీలింగ్ ఫ్యాను మోటారు తిరుగుతోంది. దాని ఇరుసుకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కూర్చుంది. ఉలుకూ పలుకూ లేదు.

అతను స్టాప్‌వాచ్ ఆపి, కాగితం మీద రాసుకున్నాడు: 'డ్యూటీలో నిద్ర.'

"నిద్ర కాదండీ," కళ్లు తెరవకుండానే అంది.

"నేనేం రాశానో మీకెలా తెలుసు?"

"ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లూ మొదట అదే రాస్తారు. మీరు కాస్త కోపంగా రాశారు. పెన్ను పొలం దున్నుతోంది."

అతను ఆ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఎవరి పనికెంత టైము పడుతుందో లెక్కగట్టే ఇంజనీరు. ఓనరు అతని పెదనాన్నే. రిపేరు షెడ్డు ఉంచాలో మూసేయాలో శుక్రవారంలోగా తేల్చమని పంపాడు. మూసేస్తే ఆరుగురు ఇంటిదారి పట్టాలి. వాళ్లలో ఈ అమ్మాయి, వాళ్ల నాన్న మేస్త్రి కూడా ఉన్నారు.

"అటు లైన్లో నాలుగు నిమిషాలకో కొత్త ఫ్యాను బయటికొస్తుంది. మీకు ఒక్కదానికి గంటన్నర!"

"అవును మరి. పిల్లల్ని కనడం కంటే పెంచడానికే ఎక్కువ టైము పడుతుంది."

మూలనున్న మేస్త్రి దగ్గు మాటున నవ్వు దాచుకున్నాడు. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, ఇంతసేపూ ఏం విన్నారో చెప్పండి."

"ఇది వంటింటి ఫ్యాను. పొగకి గ్రీజు బంకలా అయిపోయింది. పై బేరింగుకేం ఢోకా లేదు. కింది దాంట్లో ఒక్క గుండు అరిగింది. ఎప్పుడో ఓసారి కిందపడింది కూడా."

"జాతకం చెప్తున్నారా?"

"విప్పి చూడండి. మీ టై జాగ్రత్త."

మూత ఊడేసరికి టై నల్లబడనే నల్లబడింది. లోపల గ్రీజు బంకలాగే ఉంది. మూతకో సొట్ట. కింది బేరింగులో అరిగింది ఒక్క గుండే. ఇంత చదువూ చదివి తను యంత్రాల్ని చూడటమే గాని ఏనాడూ వినలేదు.

మూత లోపల పెన్సిలుతో మూడు రిపేరు తేదీలు రాసి ఉన్నాయి. మొదటిది ఇరవై రెండేళ్ల నాటిది.

"నాన్న రాత," అందామె మెల్లగా. "దీని కింద తప్పటడుగులు వేసిన పిల్ల ఈపాటికి ఉద్యోగంలో చేరి ఉంటుంది. నాలుగో తేదీ ఇవాళ నేను రాస్తాను."

ఆమె రాస్తుంటే అతను వంగి ఆ పెన్సిలునే చూశాడు. ఇంత పెద్ద పని ఇంత చిన్న బల్ల మీద జరుగుతోందా అనుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులూ పనున్నా లేకున్నా షెడ్డులోనే తేలాడు. "స్టాప్‌వాచ్ గారూ, ఇవాళ నన్ను చూడ్డానికెంత టైము పట్టిందో రాసుకున్నారా?" అని ఆమె ఆటపట్టిస్తే, నేల చూపులు చూస్తూ మురిసిపోయాడు.

శుక్రవారం పెదనాన్న మండిపడ్డాడు. "పాతవి చావకపోతే కొత్తవెవడు కొంటాడురా?"

"రాగీ ఇనుమూ పొలంలో పండవు పెదనాన్నా. తవ్వుతూ పోతే ఏదో ఒకనాటికి అయిపోతాయి. ఆనాడు మన లైన్లో వాళ్లందరికీ చేతిలో ఏ పనుంటుంది? ఇప్పట్నుంచే నలుగురు చొప్పున షెడ్డుకి పంపి నేర్పిద్దాం."

పెదనాన్న లేచి, వాన జల్లు కొడుతున్న కిటికీ మూశాడు. "సరే. కానీ నేర్పే వాళ్లని పెట్టాలంటే ఇంకెక్కడో ఒక పోస్టు తగ్గాలి. ఎవరిదో నువ్వే రాయి."

అతను రాసిచ్చి, తడుస్తూ షెడ్డుకొచ్చి, నకలు ఆమె చేతిలో పెట్టాడు. షెడ్డు ఉంటుందన్న దగ్గర ఆమె కళ్లు మెరిశాయి. ఆ కింది లైను చదివి గతుక్కుమంది.

"ఇదేంటండీ! మీ పోస్టు మీరే కొట్టేసుకున్నారా?"

"ఎవరు లేకపోతే ఒక్క ఫ్యాను కూడా ఆగదో చూశాను. నేనొక్కణ్ణే తేలాను."

ఇలాంటి మనిషి కూడా ఉంటాడా అన్నట్టు అతన్నే చూస్తూ నిలబడింది.

"మరి ఇకనుంచి ఏం చేస్తారు?"

"మీరు నేర్పితే ఈ పని. మీరంటే నాకు ఇష్టం. అది మాత్రం నేర్పకుండానే వచ్చేసింది."

"ఈ పనికి నాకే ఆరేళ్లు పట్టింది. అన్నాళ్లు మా ఇంట్లో వాళ్లకేం చెప్పను? ఉద్యోగం లేనివాడి కోసం ఆగమనా?"

"ఇంట్లో చెప్పే దాకా వచ్చిందా వ్యవహారం?"

ఆమె నాలిక కరుచుకుంది. బుగ్గలు కందిపోయాయి. మూలనుంచి మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో వాళ్లు వినేశారులే అమ్మా. అబ్బాయికో స్టూలు వెయ్యి. ముందు చెవి పెట్టడం నేర్పు."

ఆమె స్టూలు జరిపి, స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి మోటారు స్విచ్చి వేసింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఏం వినపడుతోంది?" అందామె, మరీ దగ్గర నుంచి.

"మోటారొక్కటి తప్ప అన్నీ," అన్నాడతను.