ఐదో తాత పేరు

పొయ్యి మీద పాల టీ పొంగుతూండగా నూర్జాత్ కంప్యూటరు ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ కొట్టింది. తెర నల్లబడింది, ఒకసారి మెరిసింది, మళ్లీ పాస్‌వర్డే అడిగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

మధ్యాహ్నంలోగా అనువాదం పంపకపోతే, ఆ పని అప్పగించిన ఆఫీసు ఇంక పని ఇవ్వదు. కాన్పు దగ్గరపడింది. భర్త బంగారు గనిలో, కొండల అవతల ఉన్నాడు.

"అపా, నిన్న నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

అత్తగారు సైరాకాన్ రొట్టె తుంచుతూ తలెత్తలేదు. "నాకు టీవీ రిమోటే లొంగదు."

"అయితే గొర్రెలొచ్చి నొక్కాయా?"

"నోరు కాస్త అదుపులో పెట్టుకో, కోడలా. పెట్టె నీ మాట వినకపోతే నా మీద పడతావేం?"

నూర్జాత్ కీబోర్డు వైపు తిరిగింది. లినక్స్‌లో బొమ్మల తెర మొరాయించినా, వెనక ఉత్త అక్షరాల తెర ఒకటి తెరుచుకుంటుంది. అందులోంచి వెళ్లి చూసింది. డిస్కు నిండిపోయింది, డెస్క్‌టాప్ కాలు మోపడానికి చోటు లేదు. నింపినది ఒకే ఫైలు, నిన్నటి నుంచి ఎవరూ ఆపని రికార్డింగు.

"ఇది చెరిపేస్తే సరి."

"చెరపకు." సైరాకాన్ లేచి వచ్చింది. "ముందు విను."

ఫైలు తెరిస్తే మామగారు జెక్షెన్ గొంతు; రికార్డింగు మొదలుపెట్టి ఆపడం మరిచింది ఆయనే. పుట్టబోయే బిడ్డకు, ఆనవాయితీ ప్రకారం, ఏడు తరాల తాతల పేర్లు చెబుతున్నాడు. నాలుగు చెప్పి ఆగాడు. మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నాలుగు దగ్గరే ఆగాడు. ఆ తరువాత ఊపిరి చప్పుడు. ఎంత ముందుకు జరిపినా ఊపిరే.

"ఎప్పటి నుంచి ఇలా, అపా?"

"చలికాలం నుంచి. మీకు చెప్పొద్దన్నాడు."

"ఆ పేరు మీకు తెలుసుగా. అందించకపోయారా?"

"అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. ఈ గడప తొక్కినప్పటి నుంచి ఒక్కటీ పలకలేదు."

నూర్జాత్ ఆ ఫైలును ముట్టుకోలేదు. ఎప్పుడో దించుకుని మరిచిన పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఒక్కొక్కటే తుడిచి చోటు చేసింది. డెస్క్‌టాప్ వచ్చింది. అనువాదం పంపింది. పంపాక మామగారిని చేయి పట్టి తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టి, రికార్డింగు మొదలుపెట్టింది.

"ఆతా, ఇంకోసారి చెప్పండి."

నాలుగు పేర్లు నిదానంగా నడిచాయి. ఐదోది రాలేదు. ఆయన కళ్లు కిటికీ మీదికి పోయాయి. సైరాకాన్ తలగుడ్డ సవరించుకుంది, మైకు మీదికి వంగింది.

"ఎసెంకుల్."

జెక్షెన్ తిరిగి చూశాడు. "నువ్వేనా పలికింది?"

"నేనే. మిగతావి మీరు చెప్పండి. రాకపోతే నేనున్నాను."