మొలకెత్తని వడ్లు

“గంజితోని బయోకెమిస్ట్రీ చెప్తరా మేడం? ఇది డిగ్రీ కాలేజీనా, హాస్టల్ మెస్సా?”

మోతీలాల్ ఆ మాట అన్నప్పుడు కృష్ణకుమారి చేతిలో సుద్దముక్క ఉంది. విసురుతుందేమోనని అతను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె విసరలేదు. బోర్డు మీద ‘ఫస్ట్ ఇయర్, మొదటి ప్రాక్టికల్: గంజి’ అని ఇంకాస్త పెద్ద అక్షరాలతో మళ్లీ రాసింది.

అది తొంభై నాలుగో సంవత్సరం. సూర్యాపేటలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తు కిరాయికి తీసుకుని పెట్టిన కొత్త కాలేజీ. బీఎస్సీలో బయోకెమిస్ట్రీ పెట్టాలని ప్రిన్సిపాల్ నర్సింగరావుకు కోరిక పుట్టింది. ఇద్దరు కొత్త లెక్చరర్లను పిలిచి, మూడేళ్ల చదువుకు ప్లాన్ గీయమన్నాడు. యూనివర్సిటీ వాళ్లు వచ్చి చూసి సరేనంటే కోర్సూ ఉంటుంది, ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయి. కాదంటే ఆమె కోదాడ బస్సెక్కాలి, అతను మిర్యాలగూడ బస్సెక్కాలి.

మొదట్లో మోతీలాల్‌కు ఆ చెరో బస్సు సంగతి పెద్ద బాధగా ఏమీ అనిపించలేదు.

“స్పెక్ట్రోఫోటోమీటర్ లేకుండ ఎంజైమ్ ఎట్ల చూపిస్తరు?”

“కళ్లకే చూపిస్తాను సార్. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలం అవుతుంది. మొలకొచ్చిన వడ్లు నూరి ఆ రసం పోస్తే నీలం పోతుంది. గింజలో ఎంజైమ్ పనిచేసిందని హుజూర్‌నగర్ నుంచి వచ్చే పిల్లకైనా వెంటనే తెలుస్తుంది. మీ మిషన్ కొనాలంటే ప్రిన్సిపాల్ గారు ఈ మేడ అమ్ముకోవాలి.”

“మేడ కూడ కిరాయిదే మేడం.”

ఆమె ఫక్కున నవ్వేసింది. మోతీలాల్ అక్కడే చెడ్డాడు.

ఆ వానాకాలమంతా ప్లాన్ గీయడంతోనే గడిచింది. కరెంటు పోతే ఆమె సిలబస్ కాగితాలతోనే విసురుకునేది. రెండో ఏడు రక్తపరీక్షలు నేర్పిద్దాం, దవాఖానల్లో నౌకరీ దొరుకుతుందని అతను అనేవాడు. ముందు పాలు, పెరుగు, పప్పు అని ఆమె అనేది. ప్రొటీన్లు ముందా, పిండిపదార్థాలు ముందా అని ఒక రోజంతా పోట్లాడుకున్నారు. నిజానికి ఆమె చెప్పిందే సరైనదని అతనికి ఎప్పుడో తెలిసింది. ప్లాన్ అయిపోతే ఆమె ఎదురుగా కూర్చునే పని ఉండదని కావాలనే అడ్డు చెప్పేవాడు.

మనసులో మాట మాత్రం బయటికి రాలేదు. అతనిది త్రిపురారం దగ్గరి లంబాడీ తండా. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె మాట చూస్తే కోదాడ టౌను మాట. ఏ పెద్దింటి పిల్లో అనుకుని దూరంగా ఉండిపోయాడు.

యూనివర్సిటీ వాళ్లు సోమవారం వస్తున్నారని కబురు వచ్చింది.

“వడ్లు నేను తెస్త మేడం. మిర్యాలగూడల మా మిల్లు ఉన్నది కద.”

‘మా మిల్లు’ అనగానే ఆమె ముఖం ఎందుకో చిన్నబోయింది.

శుక్రవారం వడ్లు నానబెట్టి, తడి గోనెగుడ్డలో మూటకట్టారు. సోమవారం పొద్దున విప్పి చూస్తే ఒక్క గింజా మొలకెత్తలేదు. పైగా పుల్లటి వాసన.

“ఈ వడ్లు మిల్లులో ఎక్కడివి సార్?”

“మా నాయన మంచివి ఏరి పంపిండు. బాయిలర్ పక్కన కళ్లంల ఆరబోసినవి...” అంటూనే మోతీలాల్ నెత్తి కొట్టుకున్నాడు. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టి ఆరబెట్టిన వడ్లు అవి! వరి పండే ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఎమ్మెస్సీలు ఉడికిన వడ్లకు మొలకల కోసం ఎదురుచూశారు.

నవ్వుకునే తీరిక కూడా దొరకలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు. కమిటీ వచ్చేసింది.

వచ్చినవారిలో పెద్దాయన నీలంగా ఉన్న గంజిని చూసి, “బాగుందమ్మా. ఎంజైమ్ ఏదీ?” అన్నాడు. కృష్ణకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి మోతీలాల్ ఆగలేకపోయాడు.

“నా నోట్ల ఉన్నది సార్.”

అందరూ అతని వైపు తిరిగారు.

“ఉమ్మిల కూడ గదే ఎంజైమ్ ఉంటది సార్. జర ఆగుండ్రి.” ఖాళీ టెస్ట్‌ట్యూబు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. తీరా చూస్తే భయానికి నోరు ఎండిపోయింది. ఎంత ప్రయత్నించినా చుక్క రాలేదు.

కృష్ణకుమారి మెల్లగా పక్కకు వచ్చింది.

“పచ్చి మామిడికాయ సార్,” అంది గుసగుసగా. “ఇంకా టెంక ముదరలేదు. నాలుగు ముక్కలు కోసి ఉప్పూ కారం అద్దాననుకోండి. పన్ను దిగగానే చెంపలు జివ్వుమంటాయి...”

“ఇగ చాలు మేడం!”

ఆ ఉమ్మి గంజిలో పడింది. కాసేపటికి నీలం ఊదా రంగయింది, ఎర్రబారింది, చివరికి తేటపడింది.

“యాడీ!” అని కేకేశాడు మోతీలాల్, సంతోషం పట్టలేక. పెద్దాయన నవ్వుతూ సంతకం పెట్టాడు. కృష్ణకుమారి మాత్రం మోతీలాల్‌నే చూస్తూ నిలబడిపోయింది.

సాయంత్రం బస్టాండులో వాన. ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడ్డారు.

“ఇందాక యాడీ అన్నారు.”

“అమ్మను మేం గట్లనే పిలుస్తం మేడం. మాది తండ.”

“మరి మిల్లు?”

“మా నాయన బిచ్చా ఆ మిల్లుల బాయిలర్ కాడ పనిచేస్తడు. మొదటి సంది మా మిల్లనే అంటడు. నాకూ గదే అలవాటైంది.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేనింకా మిమ్మల్ని సేట్ల అబ్బాయి అనుకున్నాను.” తర్వాత, వానలోకి చూస్తూ, “మీది ఏ గోత్రం?” అంది.

మోతీలాల్ చప్పున ఆమె వైపు తిరిగాడు. తండాలో ఆ ప్రశ్న ఊరికే అడగరు. ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్లు, మాట అక్కడితో ఖతం. వేరే గోత్రమైతేనే పెళ్లి మాట.

“గది మీరెందుకు...”

“మా యాడి చిలుకూరు దగ్గర తండాలోనే ఉంటుంది సార్. నేను కోదాడలో హాస్టల్లో పెరిగి మాట మార్చుకున్నాను. ముందు అడిగింది చెప్పండి.”

“పమ్మార్,” అన్నాడు. నోరు మళ్లీ ఎండిపోయింది. “మీది?”

ఆమె తడిసిన కొంగు కొస పిండుకుంది. మిర్యాలగూడ బస్సు వచ్చి, బురద చిమ్మి, వెళ్లిపోయింది.

“రాథోడ్.”

మోతీలాల్ బెంచీ మీద కూలబడ్డాడు. “బతికిన!”

“ఏమన్నారు?”

“నువ్వంటే నాకు పానం అంటున్న. గంజి అని బోర్డు మీద రాసిన కాడి నుంచి.”

“తెలుసు. ప్లాన్ అయిపోకుండా ఎందుకు అడ్డం పడేవారో అదీ తెలుసు.” రేకు కింద ఉన్నా ఆమె కళ్లు తడిశాయి. “నేను మాత్రం తొందరపెట్టానా?”

పెళ్లి ఖాయం చేసుకోవడానికి చిలుకూరు తండాకు వచ్చిన బిచ్చా తన వెంట చిన్న మూట తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. “పచ్చి వడ్లే బిడ్డా. ఈసారి ఉడకబెట్టలే,” అన్నాడు. నవ్వని వాళ్లు లేరు.

ఆ తర్వాత ఏటా జూలైలో కొత్త పిల్లలు టెస్ట్‌ట్యూబులు పట్టుకుని, సిగ్గుతో నోళ్లు ఎండి నిలబడేవారు. కృష్ణకుమారి మేడం నవ్వి, “పచ్చి మామిడికాయ...” అని మొదలుపెట్టేది.

పక్క గదిలో ప్రొటీన్ల పాఠం చెబుతున్న మోతీలాల్ సార్ ఆ మాట వినబడగానే బోర్డు వైపు తిరిగి గుటక వేసేవాడు.