కంట్రోల్ లేని తీర్పు

"మీ రక్తం గడ్డకట్టింది."

"నాది కాదండి, కోతిది," అన్నాడు జంతువైద్యుడు.

పరిశోధకురాలు ట్యూబును వెలుతురుకెత్తి చూసి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "ఈ గడ్డలో నాకేం కణాలు దొరుకుతాయి? తీసిన వెంటనే తిరగేసి కలపమని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె వెతికేవి రోగనిరోధక శక్తికి కళ్లెం వేసే కణాలు. మనుషుల్లో వాటిని పట్టిచ్చే గుర్తులు కోతుల దగ్గర తరచూ బోల్తా కొట్టించేవి. అందుకే ఆమె ఒట్టి గుర్తును నమ్మదు. అనుమానమున్న కణాలను పోరాడే కణాలతో కలిపి చూస్తుంది. మరో ప్లేటులో పోరాడే కణాలను ఒంటరిగా వదిలేస్తుంది. అదే కంట్రోల్. రెండూ పోల్చాకే తీర్పు.

అతడు మాత్రం తన విషయంలో తీర్పు ముందే చెప్పేసుకున్నాడు. తాను అడుగుపెట్టగానే ఆమె గొంతు పెరుగుతుంది. కాబట్టి తానంటే ఆమెకు పడదు. దూరపు ఊరి జంతుప్రదర్శనశాల ఉద్యోగమిస్తానంది. శనివారంలోగా ఒప్పుకోవాలి. ఆమెను మరచిపోవడం అక్కడ నేర్చుకోవచ్చు.

ఆ మాటే, అదే ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్న ఆమె వదినతో అన్నాడు.

"మరి కంట్రోల్ ఏది డాక్టరుబాబూ?" అంది వదిన. "మీరు లేనప్పుడు మా ఆడపడుచు ఎలా ఉంటుందో మీకేం తెలుసు? కొన్నాళ్లు ఇటు రాకండి. నేను చూసి చెప్తా."

అప్పటినుంచి అతడు రక్తం ట్యూబులను మరో డాక్టరు చేత పంపాడు. శుక్రవారం వదిన ఫోన్ చేసింది.

"నోరు మెదపట్లేదు బాబూ. నిన్న ట్యూబంతా గడ్డే. 'పర్లేదు' అంది. మా అత్తవారి వంశంలోనే లేని మాట అది. తొందరగా రండి, ఈ నిశ్శబ్దం నా వల్ల కాదు."

మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు.

"ఇన్నాళ్లూ ఏమైపోయారు?" ఆమె గొంతు వరండా దాటింది. వదిన రక్తం తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం వెనక నవ్వు దాచుకుంది.

అతడు జరిగిందంతా చెప్పేశాడు. మనిషి తనను తాను ఎరిగేది, కావలసినవాడు ఎదుట లేనప్పుడేనేమో. ఆమె చెవులదాకా ఎర్రబడింది.

"కోతి మీద ప్రయోగానికే కమిటీ అనుమతి కావాలి. నన్ను అడక్కుండా నా మీద ప్రయోగమా?"

"తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. జీవితాంతం మీ చేత తిట్లు తినడానికి అనుమతిస్తారా?"

ఆమె చేతి తొడుగులు నెమ్మదిగా విప్పింది.

"ఆ ఉద్యోగానికి రానని చెప్పేయండి."

"ఎందుకని అడిగితే?"

"ఫోన్ నాకివ్వండి."