నా చెవి దిక్కు చూడవ్వా

"కంట్లె లైటు పెట్టి గంతసేపు ఏం దేవులాడుతున్నవ్ సార్? దొంగ గిట్ల దాక్కున్నడా?"

స్పందన నాతో అన్న మొదటి మాట ఇది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. భూపాలపల్లిలో ఒక కంటి దవాఖానలో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం నాది. బయ్యారం నుంచి వచ్చి, గది అద్దెకు తీసుకుని, తెల్లకోటు నేనే ఉతికి ఇస్త్రీ చేసుకుని వేసుకునేవాణ్ణి. ఆ కోటును చూసి అందరూ కాస్త భయపడతారని నా నమ్మకం. ఈ పిల్లకు ఆ భయమే లేదు.

జూలై నెల, బయట ముసురు. ముందురోజు ఆపరేషనైన ఓదెమ్మ మిషన్ మీద గడ్డం ఆనించి కూర్చుంది. చిట్యాల దగ్గర పల్లె ఆమెది. వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డ స్పందన ఆమె కొడుకు కూతురు. గొడుగు నుంచి కారిన నీళ్ళు నా గది నిండా మడుగు కట్టాయి. అమ్మానాన్నలు పత్తి చేనుకు పోతారు కాబట్టి బాపమ్మను దవాఖానకు తిప్పే పని ఆమె మీద పడింది. డీఎస్సీకి చదువుతోందట. చేతిసంచిలో పుస్తకం తడవకుండా పాల కవరు చుట్టి పెట్టుకుంది.

దొంగ కోసం కాదు, లెన్స్ కోసం చూస్తున్నానని కాస్త బడాయిగానే చెప్పాను. శుక్లం తీసేసి లోపల పెట్టిన లెన్స్‌ను సన్నటి దారాలు నాలుగు దిక్కులా పట్టుకుని ఉంటాయి. ఓదెమ్మ కంట్లో ఆ దారాలు బలహీనంగా ఉన్నాయి. అందుకని లెన్స్ కనుపాప నడుమ నుంచి ఎంత పక్కకు జరిగిందో కొలవాలి. అది స్థిరంగా ఉందో, వణుకుతోందో చూడాలి. ముసలామెకు రెండో కన్ను చిన్నప్పుడే కంది కట్టె తగిలి పోయింది. ఉన్నది ఈ ఒక్కటే.

వణుకు చూడటానికి ఒక పద్ధతుంది. పైకి చూడమంటాం, కిందికి చూడమంటాం, వెంటనే మా చెవి వైపు చూడమంటాం. కన్ను ఆగిపోయాక కూడా లోపలి లెన్స్ కదులుతుంటే దారాలు వదులైనట్టు.

"పైకి చూడవ్వా. కిందికి. ఇగ నా చెవి దిక్కు చూడు."

ఓదెమ్మ బుద్ధిగా చూసింది. లెన్స్ కదల్లేదు. పాయింట్ మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉంది, అంతే. కాగితం మీద 0.3 అని రాశాను.

గంత చదువు చదివింది జనానికి చెవులు చూపెట్టుకోనీకేనా అని స్పందన మెల్లగా గొణిగింది. నాకు వినబడాలనే గొణిగింది. నా చెవులు ఎర్రబడ్డాయి. అదీ చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను పడిపోయాను. ఇప్పుడు ఇంకో మాట చెప్పి లాభం లేదు.

మా పెద్ద డాక్టరు చంద్రమౌళి సారు ఓదెమ్మ సంగతి నాకు విడిగా పిలిచి చెప్పారు. మొదటి రోజు, వారానికి, నెలకు, మూడు నెలలకు చూడాలి. అర మిల్లీమీటరు దాటినా, వణుకు కనబడినా ఆ రోజే తనకు చూపించాలి. అప్పుడైతే రెండు కుట్లతో నిలబెట్టొచ్చు, ఆలస్యం చేస్తే లెన్స్ వెనక్కి పడిపోతుంది అన్నారు. తలాడించాను. అంతా అర్థమైంది నాకు. తరువాత నేను చేసిందేదీ అర్థం కాక చేసింది కాదు.

వారానికి వచ్చారు. 0.3. స్పందన ఆ రోజు నాకోసం అల్లనేరేడు పళ్ళు తెచ్చింది. నాకోసం కాదట, దారిలో అమ్ముతుంటే కొన్నదట. నా నాలుక ఊదారంగు తిరిగితే, ఇగ ఏ పేషెంటూ నీ మొఖం చూడదు అంది. తరువాత రావాల్సింది నెలకు. నెలంటే ఎన్ని రోజులో ఆ రోజు తెలిసొచ్చింది నాకు.

పన్నెండో రోజు ఫోన్ చేశాను. అవ్వ కన్ను ఇంకోసారి చూడాలి, సారు రమ్మన్నారు అని అబద్ధం చెప్పాను. వచ్చారు. చూశాను, 0.3. పద్దెనిమిదో రోజు మళ్ళీ చేశాను. ఇరవై నాలుగో రోజు మళ్ళీ. పల్లె నుంచి నడిచొచ్చి, ఆటో ఎక్కి, బస్సు మారి, ఒక్క కన్ను ముసలామె వానలో తడుస్తూ వచ్చేది. ఆమె వాకిట్లో మోదుగాకులు వాడిపోయేవి. విస్తరాకులు కుట్టడం ఆమె పని. ఒక్క కన్నుతోనే సన్నటి పుల్లలు గుచ్చి, తన ఈడు ఆడవాళ్ళందరికన్నా ఎక్కువ కుట్టేదట.

పరీక్షకు ముందు కంట్లో చుక్కలు వేస్తాం. కనుపాప పెద్దదవడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంట మాది. ఓదెమ్మ కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చునేది. మేమిద్దరం వరండాలో వాన చూస్తూ నిలబడేవాళ్ళం. స్పందన నా చేత జనరల్ నాలెడ్జి ప్రశ్నలు అడిగించుకునేది. నేను తప్పు జవాబును ఒప్పని అంటే పుస్తకంతో నెత్తిన కొట్టేది. మా మాటలు తెగేలోపు బస్సు టైమయ్యేది.

పద్దెనిమిదో రోజు నుంచీ అదే జరిగింది. బస్సు పోతుందని స్పందన గాబరా పడింది. నేను సరే, ఏం కాదులే, మంచిగనే ఉంది అన్నాను. వాళ్ళు పోయాక కాగితం తీసి 0.3 అని రాశాను. అంతకు ముందు మూడుసార్లూ అదే కదా అనుకున్నాను.

ఆ రోజే ఓదెమ్మ బెంచీ మీద నుంచి నన్ను పిలిచి ఒక మాట చెప్పింది.

"కొడుకా, కుట్టేటప్పుడు పుల్ల రెండైతంది. ఒకటి పట్టుకుంటే ఇంకోటి పక్కన కనవడ్తంది."

చుక్కలు వేశాం కదవ్వా, గట్లనే ఉంటది అన్నాను. చుక్కలు వేసింది అప్పుడే, దవాఖానలో. ఆమె చెప్పింది ఇంటి దగ్గర కుట్టేటప్పటి మాట. ఆ తేడా తెలియనివాణ్ణా నేను? స్పందన వరండాలో నిలబడి వాన నీళ్ళు చేత్తో పట్టి చూపిస్తోంది. నా చూపంతా అక్కడే ఉంది. ఓదెమ్మ నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూసి ఊరుకుంది. మళ్ళీ ఎప్పుడూ పుల్ల మాట ఎత్తలేదు.

నెలరోజుల పరీక్ష నాడు దవాఖాన జాతరలా ఉంది. ఆ రోజు అంకె కూడా చూడకుండానే రాశాను. చంద్రమౌళి సారు కాగితం మీద వరసగా ఉన్న అంకెలు చూసి, స్థిరంగ నిలబడ్డదిరా అని మెచ్చుకుని సంతకం పెట్టారు. నన్నూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం బస్టాండులో స్పందనకు నా మనసు చెప్పేశాను. ఆమె చేతిలోని మిరపకాయ బజ్జీ తిని, చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది.

"మూడు నెలలకు బాపమ్మ కన్ను నిమ్మళమైతే మా నాయినతోని వచ్చి మాట్లాడు. కన్ను మంచిగ చేసిన పిలగాడంటే కాదనడు."

ఆ మాటకు నేను గాల్లో తేలాను. నలభై ఐదో రోజున ఇంకోసారి పిలిచాను. వాళ్ళు రావడం ఏడోసారి. ఏడోసారీ 0.3 అనే రాశాను.

సెప్టెంబర్ మధ్యలో ఒక పొద్దున స్పందనే ఫోన్ చేసింది. బాపమ్మ వాకిలి ఊడ్వడానికి వంగిందట, లేచేసరికి అంతా మసకైందట. చెయ్యి కూడా కనబడట్లేదంటోంది అని ఏడ్చింది.

ఆ రోజు వరండా లేదు. చుక్కలు వేసి పక్కనే కూర్చున్నాను. గడ్డం ఆనించమని లైటు వేశాను. కనుపాప నడుమ లెన్స్ లేదు. పక్కన కూడా లేదు. లెన్స్ వెనక్కి పడిపోయింది.

"చెవి దిక్కు చూడుమంటవా కొడుకా?" అంది ఓదెమ్మ. చెవి ఎటుందో ఆమెకు తెలియడం లేదు.

చంద్రమౌళి సారు వచ్చి చూసి, కాగితం తీశారు. ఏడు అంకెలు, ఏడూ ఒకటే. దారాలు వదిలే లెన్స్ నెల ముందు నుంచే కొద్దికొద్దిగా జారుతుంది, ఒక్క గీత కూడా కదలకుండా ఎట్ల పడుతుందని అడిగారు. నేను నేల చూస్తున్నాను. స్పందన ఆయన భుజం వెనక నుంచి ఆ కాగితం చదివింది. తారీకులన్నీ ఆమెకు గుర్తే. ఎందుకు గుర్తుండవు?

"గీ తారీకు నాడు బాపమ్మ మిషన్ కాడికే పోలే. మనం బయట ముచ్చట పెట్టినం, బస్సొచ్చింది, పోయినం." వేలు కిందికి జరిపింది. "గీ నాడు గూడ పోలే. మరి గీ అంకె యాడికెళ్లి వచ్చింది?"

సారు ఆమెను తప్పించి నా మొహం చూశారు. అప్పుడు చెప్పాను. ఏడింటిలో నాలుగు చూడకుండా రాశానని, సారు రమ్మన్నది అబద్ధమని, అన్నీ చెప్పాను. ఇంకా ఏముంటుంది చెప్పడానికి?

హైదరాబాదులో రెండు ఆపరేషన్లు చేశారు. పడిన లెన్స్ తీశారు గానీ లోపలి పొర ఊడిపోయింది. ఓదెమ్మకు మిగిలింది వెలుతురు, చీకటి తేడా మాత్రమే. నేను ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు జనగామలో కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు బిగిస్తున్నాను. స్పందన ఫోన్ ఎత్తదు.

నాలుగు నెలలు ఆగి, ఒక ఆదివారం పల్లెకు పోయాను. క్షమించమని అడగడానికి అనుకున్నాను. నిజానికి ఆమెను చూడకుండా ఉండలేకపోయాను. ఇంత జరిగినా నా గుణం మారలేదు.

వాకిట్లో ఓదెమ్మ మోదుగాకులు ముందేసుకుని కూర్చుంది. నా గొంతు విని వెంటనే గుర్తుపట్టింది. పోరీ, నిరంజన్ వచ్చిండు, మంచినీళ్ళు తే అని లోపలికి కేకేసింది. స్పందన చెంబు తెచ్చి గద్దె మీద పెట్టింది, చేతికివ్వలేదు. కాళ్ళు పట్టుకోబోతే ఓదెమ్మ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"నన్ను సూడనీకె పిలుస్తలేవని నాకు మొదలే ఎర్క. మా పోరి మొఖం ఎలిగిపోయేది, నాకు బస్సెక్కుడు బరువనిపియ్యలే. పుల్ల రెండు కనవడుడు ఆగలే కొడుకా. మళ్ళ చెప్తే పెద్దసారు నిన్ను తిడ్తడేమో, మీ ముచ్చట చెడ్తదేమో అని నేనే ఊకున్న. అయిందేదో అయింది. పోరీ, ఇటు రా. నేనుండంగనే మీరిద్దరు ఒక్కటి గావాలె."

నాకు ఏడుపు ఆగలేదు. ఏ ఇంటి పెద్ద నన్ను కాదంటుందోనని నెలల తరబడి భయపడ్డానో, ఆ పెద్దే రమ్మంటోంది. తలెత్తి స్పందన వైపు చూశాను.

ఆమె నా కళ్ళలోకి చూడలేదు. నా చెవి వైపు చూస్తూ, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"నన్ను సూడనీకె మళ్ళ మళ్ళ పిలిచినవ్. సూడకుండ రాసిన నాలుగు దినాల్ల ఒక్కసారన్న ఆమెను సూసుంటే, నేను నీ ఇంటికొచ్చేదాన్ని. నీ మీద పానం పెట్టుకున్న, అబద్ధమాడ. గానీ రోజు పొద్దున ఈమెకు మొఖం కడిగి, నీ మొఖం ఎట్ల సూడాలె నేను?"

చెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను ఆ నీళ్ళు తాగనేలేదు.

ఓదెమ్మ ఒళ్ళో ఉన్న విస్తరాకు తీసి, అంచంతా వేలితో తడిమి, నా వైపు చాపింది. చూపు పోయినాక కుట్టుడు నేర్చుకుంటున్నా, జర సూసి చెప్పు, సక్కగ వడ్డదా అని అడిగింది.

బాగుందవ్వా అనే మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. విస్తరాకును ఎండకేసి ఎత్తిపట్టి, ఒక్కొక్క పుల్లా వరసగా చూశాను.

"లేదవ్వా. మూడో ఆకు కాడ పుల్ల జారింది. చారు పోస్తే కారుతది."

"గట్ల చెప్పాలె కొడుకా" అంది ఓదెమ్మ. విస్తరాకు వెనక్కి తీసుకుని, ఆ పుల్ల పీకి, వేళ్ళతో తడుముతూ మళ్ళీ గుచ్చడం మొదలుపెట్టింది.