పొగగొట్టం వెనక మూల

అతని చేతిలో ఉన్నది పన్నెండు వేలు. ఆ డబ్బుకి ఓడలో లిఫ్టు పక్కన కొట్టు కాదు గదా, ఆ కొట్టు ముందు నిలబడే చోటు కూడా రాదు. పై డెక్కు మీద, వెనకవైపు, పొగగొట్టం చాటున ఉన్న మూల మాత్రం ఎనిమిది వేలకి వచ్చింది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వచ్చింది.

ఆ మూలకి పేరు చెడింది. చీకటి పడ్డాక అక్కడి కుర్చీల్లో ఎవరో కూర్చుంటారట. పలకరిస్తే పలకరట. దగ్గరికెళ్తే... ఏమవుతుందో దగ్గరికెళ్ళినవాళ్ళెవరూ సరిగ్గా చెప్పలేదు. డెక్కు కడిగే మనిషి పొద్దు వాలకముందే ఆ మూల రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, వెనక్కి చూడకుండా దిగిపోయేవాడు.

"దెయ్యం వల్ల అద్దె తగ్గిందంటే దానికి నేనే దణ్ణం పెట్టాలి," అన్నాడట మనవాడు ఓడ మేనేజరుతో.

మిగిలిన నాలుగు వేలకీ మూతపడిన ఏదో లాడ్జీ నుంచి పాత రగ్గులు కొన్నాడు. రాత్రిళ్ళు పై డెక్కు మీద గాలి ఎముకలు కొరుకుతుంది. జనం చుక్కలు చూడాలని వస్తారు, వణుకుతారు, రగ్గు అద్దెకి తీసుకుంటారు. లెక్క అంతే. ఓడలో అందరూ అతన్ని రగ్గులబ్బాయి అనడం మొదలుపెట్టారు.

మేనేజరు షరతు ఒక్కటే. చివరి రేవు చేరేదాకా ప్రయాణికుల్లో ఏ ఒక్కరూ అతని మీద ఫిర్యాదు చెయ్యకూడదు. చెయ్యకపోతే లిఫ్టు పక్కన కొట్టు ఏడాదిపాటు అతనిది, అద్దె వాయిదాల మీద కట్టుకోవచ్చు. చేశారా, వచ్చే రేవులో రగ్గులు నెత్తిన పెట్టుకుని దిగిపోవాలి. అతని ఆశలన్నీ ఆ కొట్టు మీదే ఉన్నాయి.

ఆ ఓడ సంగతి కొంచెం చెప్పాలి. అది అందరూ ఒక్కచోట ఎక్కే ఓడ కాదు. రేవు రేవుకీ కొందరు ఎక్కుతారు, దిగేది మాత్రం అందరూ చివరి రేవులోనే. ఎవరు ఎక్కడ ఎక్కారో తెలియడానికి చేతికి రంగు పట్టీ కడతారు. మొదటి రేవువాళ్ళకి ఎరుపు, రెండో రేవువాళ్ళకి నీలం, మూడో రేవువాళ్ళకి పసుపు.

ఇంకేముంది, పట్టీ కట్టగానే కులం పుట్టింది. ఎర్రపట్టీలు ఓడని తమ తాతగారు కట్టించినట్టు నడిచేవాళ్ళు. ఈతకొలను పక్క కుర్చీల మీద తెల్లవారకముందే తువ్వాళ్ళు పరిచి, వాటి మీద పెత్తనం వాళ్ళదే అనేవాళ్ళు. నీలంపట్టీలు వచ్చి ఆ తువ్వాళ్ళు తీసి కింద పడేసేవాళ్ళు. పసుపుపట్టీలు ఎక్కేసరికి ఎరుపూ నీలం ఒకటై, ఈ ఆలస్యం జనంతో భోజనాల గది పాడైపోయిందని ముక్కులు మూసుకున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళు కాదు. ముందు చేతికేసే చూసేవాళ్ళు.

రగ్గులబ్బాయికి అందరి మీదా సమానమైన చులకనే. నీళ్ళ మీద తేలే హోటల్లో పడుకోవడానికి అంత డబ్బు పోసినవాళ్ళు, రగ్గు అద్దె దగ్గర కూరగాయల బేరం ఆడేవాళ్ళు. అతను నవ్వుతూ బేరం ఆడేవాడు. లోపల మాత్రం ఒక్కొక్కర్నీ ఇంతకి తెగుతాడని అంచనా కట్టి పక్కన పెట్టేసేవాడు, ఉత్త తుక్కు మనుషులని మేనేజరుతో అనేవాడు.

ఓడ రెండో రేవు దాటిన రాత్రి, డెక్కు ఖాళీ అయ్యాక, రగ్గులు మడత పెడుతున్నాడు.

ఒకటి తక్కువొచ్చింది.

పొగగొట్టం చాటున, చివరి కుర్చీలో... ముద్దగా ఏదో ఉంది. తల మీదుగా కప్పుకున్న రగ్గు. కింద రెండు పాదాలు. ఆ పాదాలకి పాత తోలు చెప్పులు, వాటి నిండా మట్టి. రోజుకి రెండుసార్లు కడిగే డెక్కు మీద మట్టి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అతనికి భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. దెయ్యమైతే మానె, అద్దె ఎగ్గొట్టే దెయ్యమా?

"రగ్గుకి అద్దె ఉంటుంది మామ్మగారూ."

రగ్గు కొంచెం కదిలింది. ముడతలు పడ్డ మొహం ఒకటి బయటికొచ్చింది. మాట గాలిలో సగం కొట్టుకుపోయింది.

"మావాడు ఇస్తాడు నాయనా... కింద ఉన్నాడు. పిలుస్తానన్నాడు. ఇంకా పిలవలేదు."

ఎక్కడ ఎక్కారని అడిగాడు.

"గుర్తులేదు... కూర్చునే ఉన్నాను."

చేతికేసి చూశాడు. పట్టీ లేదు. దురద పెడుతోందని పీకి పారేసి ఉంటుందనుకున్నాడు. ముసలివాళ్ళు అంతే. రేపు వసూలు చేద్దామని రగ్గు ఆవిడకే వదిలేసి వచ్చాడు.

మర్నాడు రాత్రీ ఆవిడ అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే. రాత్రిళ్ళు పై డెక్కు ఎక్కినవాళ్ళలో ఆవిడని చూడనివాళ్ళు లేరు. ఎర్రపట్టీలు ఆవిడ నీలం తాలూకు అనుకున్నారు. నీలంపట్టీలు, ఇలా డెక్కు మీద పడుకునే అలగాతనం ఎరుపువాళ్ళకే ఉంటుందన్నారు. తర్వాత ఎక్కిన పసుపువాళ్ళు అసలు అటు చూడటమే మానేశారు. ఓ రాత్రి డెక్కు కడిగే మనిషి మర్చిపోయిన చీపురు కోసం పైకొచ్చి, ఆ మూల చూసి, చీపురు అక్కడే వదిలేసి మెట్లు దిగాడు. రగ్గులబ్బాయి పడీ పడీ నవ్వాడు.

మూడో రేవు దాటాక ఆవిడ ఇంకొంచెం చెప్పింది. మేనల్లుడిది మూడో అంతస్తులో సముద్రం కనిపించే గది. మేనకోడలిది ఇంకో వైపు. "మా అన్న పిల్లలే నాయనా... చిన్నప్పుడు ఇద్దరూ నా పక్కలోనే పడుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకళ్ళతో ఒకళ్ళకి మాటల్లేవు."

సరే, వసూలుకి దారి దొరికిందని పొద్దున్నే మేనల్లుడి దగ్గరికి వెళ్ళాడు. ఎర్రపట్టీ, తెల్లబూట్లు, నల్లకళ్ళద్దాలు. పెళ్ళాం పక్కన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. తన మేనత్త తనతో రాలేదనీ, రేవుకి తను ఆలస్యంగా చేరేసరికి కనపడలేదనీ, చెల్లెలితో రెండో రేవులో ఎక్కి ఉంటుందనీ, అద్దె చెల్లెల్నే అడగమనీ చెప్పాడు. మరి ఫోన్ చేసి కనుక్కోలేదా అంటే, చెల్లెలితో మాట్లాడే అలవాటు తనకి లేదన్నాడు.

నీలంపట్టీ మేనకోడలు గోళ్ళకి రంగు వేసుకుంటూ విన్నది. అత్తయ్య అన్నయ్యతోనే మొదటి రేవులో ఎక్కింది, ఆవిడ బాగోగులు ఈ విడత అన్నయ్యవంతు, తన దగ్గరికి రావడమేమిటని అడిగింది. ఇద్దరూ ఒకే ఓడలో, ఒకే భోజనాల గదిలో తింటున్నారు. ఎదురుపడితే ఒకరు గోడకేసి, ఒకరు సముద్రంకేసి చూస్తారు. బరువు అవతలి వాళ్ళ నెత్తిన ఉందిలే అని ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

రగ్గులబ్బాయి ఊరుకోవలసింది. ఊరుకోలేదు. భోజనాల దగ్గర అందరూ వినేలా, మీ మేనత్త పై డెక్కు మీద అద్దె రగ్గులో పడుకుంటోంది, మీ ఇద్దరి సంపాదన కలిపినా ఆవిడకి ఓ దిండు రాలేదా అన్నాడు.

సాయంత్రానికల్లా మేనేజరు బల్ల మీద ఫిర్యాదు పడింది. ఒకటి కాదు, రెండు. మాటల్లేని అన్నాచెల్లెళ్ళు ఆ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

మేనేజరు తిట్టలేదు. రాత్రికి ఆ ముసలావిడని చూపిస్తే ఫిర్యాదులు చింపేస్తానన్నాడు. చూపించకపోతే చివరి రేవులో రగ్గులతో సహా దిగిపొమ్మన్నాడు.

ఆ రాత్రి గాలి మరీ ఎక్కువగా ఉంది. మేనేజరు టార్చి పట్టుకుని ముందు, రగ్గులబ్బాయి పక్కన, అన్న, వదిన, చెల్లెలు వెనక. పొగగొట్టం దాటేసరికి వదిన మొగుడి చెయ్యి పట్టుకుంది.

చివరి కుర్చీలో ముద్ద.

రగ్గులబ్బాయికి మొదటిసారి భయం వేసింది. దెయ్యం భయం కాదు. రగ్గు తీస్తే కింద కుర్చీ మాత్రమే ఉంటే? కొట్టు పోయినట్టే.

వంగి, మెల్లగా రగ్గు తొలగించాడు.

ఆవిడ ఉంది. టార్చి వెలుగుకి కళ్ళు చికిలించి, మేనల్లుణ్ణి చూసి నవ్వింది.

"వచ్చావా నాయనా."

అత్తయ్యా, ఎలా ఉన్నావు అని అడగాల్సిన చోట ఆ ఇద్దరూ ఏం చేశారో చెప్పడానికి సిగ్గేస్తుంది. ముసలావిడ వినేలా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

"నీ వంతు కాదుటే ఇది?"

"ఇంట్లో ఆవిడ వాటా అమ్మి కొన్న టిక్కెట్టుతో ఎక్కావు, నీకు వంతులు కావాలా?"

"నువ్వేమైనా నీ సొమ్ముతో ఎక్కావా?"

మంచం ఒక్కటే ఉంది, సోఫాలో సర్దుకోవాలి అని వదిన గొణిగింది. చివరికి ఈ రాత్రి అన్న గదిలో, రేపు చెల్లెలి గదిలో అని ఒప్పందం కుదిరింది. మేనల్లుడు ఆవిడ జబ్బ పట్టుకుని లేపాడు. "పద, చేసిన నాటకం చాల్లే," అన్నాడు. ఆవిడ బుద్ధిగా వాళ్ళ వెంట మెట్లు దిగింది. గది తలుపు మూసుకోవడం రగ్గులబ్బాయి కళ్ళారా చూశాడు.

దెయ్యం కథ అయిపోయిందనుకున్నాడు. ఈ ప్రయాణంలో అంతమంది వణికింది, చుట్టాలు మర్చిపోయిన ఓ ముసలమ్మని చూసి. అందర్నీ కలిపి ఒక్క నవ్వు నవ్వి, మేనేజరు గదికి వెళ్ళాడు.

మేనేజరు కొట్టు కాగితం తీశాడు. సంతకం పెట్టబోతూ, ఆవిడ చేతికి పట్టీ లేదే, ఏ రేవులో ఎక్కిందో రాసుకోవాలి కదా అని గొణుక్కుంటూ మొదటి రేవుకి ఫోన్ చేశాడు.

చాలాసేపు విన్నాడు. అవతల ఎవరో చెబుతూనే ఉన్నారు. ఫోన్ పెట్టేశాక కలం మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఆవిడ ఎక్కలేదట," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ రేవులో?"

"ఏ రేవులోనూ... మన ఓడ వదిలిన పొద్దున, మొదటి రేవు హాల్లో, బెంచీ మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. ముందు రోజు సాయంత్రం నుంచి అక్కడే ఉందట. చెప్పుల నిండా రేవు మట్టి. మేనల్లుడి ఫోను మోగీ మోగీ ఆగిపోయిందట. శవం అక్కడి ఆసుపత్రిలో ఉంది... ఇప్పటికీ."



రగ్గులబ్బాయి, మరి ఆ గదిలోకి వెళ్ళిందెవరని అడిగాడు. మేనేజరు గబగబా సంతకం పెట్టి కాగితం ఇటు తోశాడు.

"నువ్వు వినలేదు, నేను చెప్పలేదు. ఎల్లుండి చివరి రేవు. అప్పటిదాకా నోరు మూసుకో. ఇది బయటికి పొక్కితే ఈ ఓడ ఎవడూ ఎక్కడు, నీ కొట్టుకి ఎవడూ రాడు. ఆ గదిలోవాళ్ళు నీకేమన్నా చుట్టాలా? నువ్వే అన్నావు కదా, ఉత్త తుక్కు మనుషులని."

అన్నాడు. ఇప్పటికీ అదే మాట అంటాడు. ఆ మేనల్లుడు తుక్కే, ఆ మేనకోడలూ తుక్కే. కానీ రగ్గు తొలగించి, ఇదిగో మీ మనిషి అని చూపించింది తను. కొట్టు కోసం చూపించాడు.

కాగితం కేసి చూశాడు. లిఫ్టు పక్కన కొట్టు. ఏడాది. లిఫ్టు ఎక్కే ప్రతివాడూ ఆ కొట్టు ముందు నుంచే వెళ్ళాలి. లెక్క కట్టడం అతనికి చిటికెలో పని, ఈసారి మాత్రం ఎక్కడో ఆగిపోయింది. కాగితం బల్ల మీదే వదిలేసి లేచాడు. మేనేజరు వెనకనుంచి ఏదో అంటున్నాడు. వినిపించుకోలేదు.

మూడో అంతస్తు. పొడుగాటి నడవా, రెండు వైపులా మూసిన తలుపులు, కాళ్ళ కింద చప్పుడు మింగేసే తివాచీ. చివరి గది తలుపు కింద సన్నగా వెలుగు ఉంది.

చెవి ఆనించాడు.

వదిన గొంతు లేదు. మేనల్లుడిది మాత్రం వినిపిస్తోంది. తెల్లబూట్లవాడి గొంతు కాదది, బడికి పంపొద్దని బతిమాలే పిల్లాడి గొంతు.

"సరే అత్తయ్యా... సరే అత్తయ్యా... అలాగే అత్తయ్యా..."

ఆ మాటల మధ్య ఆవిడ ఏమంటోందో తెలియడం లేదు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ తలుపు సందులోంచి చల్లటి గాలి వస్తోంది... కిటికీ తెరుచుకోని ఆ గదిలోంచి.

చూపించింది తనే, వాళ్ళని బయటికి రప్పించాల్సిందీ తనే అనుకుని, రగ్గులబ్బాయి తలుపు తట్టడానికి పిడికిలి ఎత్తాడు.